కిన్‌కేడ్ మునిగాడు, సరే

జాన్ వేన్ పాడతాడంటే నమ్మరు. 1933 నాటి 'రైడర్స్ ఆఫ్ డెస్టినీ' చూడండి, గిటారు వాయిస్తూ గుర్రం మీద దిగుతాడు. పెదాలు ఆయనవి, గొంతు ఇంకెవరిదో. ఆ అతుకు చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. తుపాకీల పోరుకి నడిచి వెళ్తూ కూడా నెత్తుటి పాట ఒకటి ఎత్తుకుంటాడు. అక్కడ మాత్రం నవ్వు రాదు, ఒళ్లు జలదరిస్తుంది.

గంట కూడా లేని సినిమా. మోనోగ్రామ్ కంపెనీకి 'లోన్ స్టార్' పేరుతో వేన్ వరసగా చేసిన చౌక సినిమాల్లో మొదటిది. దర్శకుడు రాబర్ట్ బ్రాడ్‌బరీ. ఎండ, దుమ్ము, గుర్రాలు చాలు; నీళ్ల కరువు చూపించడానికి ఖర్చేముంది? కిన్‌కేడ్ అనే ఆసామి లోయ నీళ్లన్నీ గుప్పిట్లో పెట్టుకుంటాడు. అడిగినంత ఇచ్చి కొనుక్కోండి, లేదా వచ్చినకాడికి భూములు అమ్ముకుని పొండి అంటాడు. వాడికి లొంగనిది డెంటన్ అనే ముసలాయన బావి ఒక్కటే. తానెవరో చెప్పకుండా వచ్చిన ప్రభుత్వ మనిషి వేన్, ఆ బావిని కిన్‌కేడ్ మనుషుల చేతే పేల్పిస్తాడు. లోపలి ధార ఎగదన్ని ఎండిన వాగు నిండుతుంది, కిన్‌కేడ్ అందులోనే పోతాడు. 'మోసగాళ్లకు మోసగాడు'లో మన కృష్ణ నిధి వెంట పడ్డాడు గానీ, నాకైతే నీళ్ల కోసం కొట్టుకునే కౌబాయే మనవాడనిపిస్తాడు.

కాకపోతే కాలిఫోర్నియాలో నిజంగా జరిగింది వేరు. ఓవెన్స్ లోయ నీళ్లు పట్టుకుపోయింది ఏ ఆసామో కాదు, లాస్ ఏంజెలెస్ నగరం. భూములూ నీటి హక్కులూ కొనేసి, 1913కల్లా 200 మైళ్లకు పైగా కాలువ తవ్వుకుంది. కాగితాలన్నీ సక్రమమే. 1924లో ఆ కాలువకు డైనమైట్ పెట్టింది లోయ జనం! అదే ఏడాది నవంబరులో లోన్ పైన్ దగ్గరి అలబామా గేట్లు పట్టుకుని, నీళ్లను పాత నదిలోకి వదిలేసి నాలుగు రోజులు కదల్లేదు. ఊళ్లోంచి వంటలు వచ్చాయి, జాతరలా జనం చేరారు. దగ్గర్లో షూటింగులో ఉన్న కౌబాయ్ హీరో టామ్ మిక్స్ తన బ్యాండుమేళాన్ని పంపాడంటారు.

గేట్లకు ఆ పేరు తెచ్చిన అలబామా కొండల్లోనే హాలీవుడ్ లెక్కలేనన్ని వెస్టర్న్‌లు తీసింది. తీసినవాళ్లు ఇంటికెళ్లి కొళాయి తిప్పితే వచ్చేవి ఈ లోయ నీళ్లే. ఇక నగరాన్ని విలన్ చేయమంటే ఎవరు చేస్తారు? కిన్‌కేడ్‌తో పేచీ లేదు. ఒక్కడు, చెడ్డవాడని మొహం మీదే రాసి ఉంటుంది, వాగులో తోసేస్తే కథ కంచికి.

నగరం నీళ్ల బాగోతం మీద హాలీవుడ్ గట్టి సినిమా తీయడానికి 1974 దాకా పట్టింది. అది 'చైనాటౌన్'. అందులో విలన్ మునగడు. నీళ్లూ భూములూ మూటగట్టుకుని, పోలీసుల కళ్లెదుటే మనవరాలిని తీసుకుని వెళ్లిపోతాడు.