సుగ్గికి పోయిన పిల్లకు సైన్స్ ఫెయిర్ ఎవరు పెడతారు? (గేరి నుంచి – 11)



ఈ వారం సైన్స్ గురించి రాస్తున్నాను. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాడికి సైన్స్‌తో పనేంటని అడుగుతారేమో. ఆ పని ఎందుకు పడిందో కూడా చెప్తాను.

మా ఆలూరు వైపు ఒక సైన్స్ ఫెయిర్‌కు నన్ను అతిథిగా పిలిచారు. మొదటి బల్ల మీద అగ్నిపర్వతం. వంటసోడా మీద వెనిగర్ పోస్తుంటే ఎర్ర నురగ పొంగుతోంది. మా నల్లరేగడి మీద ఏ తాతా చూడని అగ్నిపర్వతం! పక్కన సిరంజీలతో కదిలే జేసీబీ, ఆ పక్కన థర్మోకోల్ ఇంటి మీద వాన నీటి సంరక్షణ. రెండు మోడళ్లకు ధర స్టిక్కర్లు కూడా పీకలేదు.

నేను వెతికింది ఒక పిల్ల కోసం. ఎనిమిదో తరగతి, మాదిగగేరి పిల్ల. కనపడలేదు. అడిగితే ఒక పిల్లోడు చెప్పాడు: "సుగ్గికి పోయిండాది సా."

బయటి మిత్రుల కోసం చెప్తున్నా. ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో సుగ్గి అంటే వలస. హగరి పక్కనే పారుతున్నా మా చేలల్లో చాలావాటికి వానే దిక్కు. పంట పోతే, పండినా అప్పు తీరకపోతే, దీపావళి దాటగానే గుంటూరు వైపు పత్తి తీయడానికీ మిరపకాయలు తెంపడానికీ కుటుంబాలు బండ్లెక్కుతాయి. చాలామంది మళ్లీ ఉగాదికే ఇల్లు చూస్తారు. ముసలమ్మ ఉంటే పిల్లలు ఇంటి దగ్గర ఉంటారు, లేదంటే వాళ్లూ బండెక్కుతారు. సైన్స్ ఫెయిర్లు పెట్టేది సరిగ్గా ఆ నెలల్లోనే. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం జరుపుకునే రోజుకు మా గేరి పిల్లలు మిరప చేలల్లో ఉంటారు.

ఆ పిల్ల కోసం ఎందుకు వెతికానంటే, ఆదివారాలు మా గేరి అంబేడ్కర్ భవనంలో నలుగురం పిల్లలతో కూర్చుంటాం. ఒక నర్సమ్మ, ఇద్దరు డిగ్రీ పిల్లలు, నేను. మాకు సంఘం పేరు లేదు, బ్యానర్ లేదు. వానాకాలంలో ఒకరోజు ఆ పిల్ల అడిగింది:

"సా, మిరపకాయలు తెంపితే చేతులు మండుతాయి గదా. నీళ్లతో ఎంత కడిగినా పోదు. మాయమ్మ కొబ్బరినూనె పూస్తే తగ్గుతాది. నీళ్లకు లేని బలం నూనెకు యాడిది సా?"

నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. జవాబు తెలియదు. సరే, చూద్దామన్నాం. ఒక గ్లాసులో నీళ్లు, ఒక గ్లాసులో నూనె పోసి, రెండిట్లో సమానంగా కారం కలిపి వారం ఉంచాం. నూనె ఎర్రబడింది. నీళ్ల గ్లాసులో పొడి చాలావరకు అడుగుకు దిగింది. నేను చప్పట్లు కొట్టబోయాను. ఆ పిల్ల ఆపింది. "రంగు వేరు, మంట వేరు సా. రుచి చూస్తే గదా తెలిసేది." బొరుగుల మీద చుక్క చుక్క వేసుకుని అందరం రుచి చూశాం. నూనె బొరుగులు మండాయి. నీళ్ల బొరుగుల్లో మంట చాలా తక్కువ.

తర్వాత చదువుకున్నాం. మిరపలో మంట పుట్టించేది కాప్సైసిన్. అది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ మిరప ఘాటును కొలిచింది కూడా మనుషుల నాలుకతోనే. మిరప సారంలో చక్కెర నీళ్లు కలుపుతూ పోయి, రుచి చూసేవాళ్లకు మంట తెలియకుండా పోయేదాకా లెక్కపెట్టాడు. ఈ మంట ఒంటికి ఎలా తెలుస్తుందని కాప్సైసిన్ పట్టుకుని వెతికిన డేవిడ్ జూలియస్, నరాల చివర వేడిని పసిగట్టే గ్రాహకాన్ని 1997లో బయటపెట్టాడు. 2021లో ఆయనకు, ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి వైద్యంలో నోబెల్ వచ్చింది.

మా గేరి పిల్ల కూలి చేతులతో అడిగిన ప్రశ్న ఆ దారిలోని ప్రశ్నే. ఆ ప్రశ్న ఫెయిర్‌లో లేదు. నిర్వాహకుణ్ణి అడిగితే "ఆ పిల్ల రెగ్యులర్ కాదు సార్, పేరు కొట్టేశాం" అన్నాడు. సుగ్గి ఆ పిల్ల తప్పయినట్టు!

వాలంటీర్ల మీద రాళ్లు వేయడం నా ఉద్దేశం కాదు. నేను వాళ్లకు బాకీ ఉన్నాను. 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక పిల్లల కోసం తెచ్చిన 'చెకుముకి' పత్రిక పాత సంచికలు మా హాస్టల్‌లో చేతులు మారి అంచులు నలిగిపోయేవి. పైసా తీసుకోకుండా సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి చెకుముకి పరీక్షలు పెట్టిన టీచర్లు ఈ నేల మీద ఉన్నారు. 90ల మొదట్లో నెల్లూరు అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు నడిపింది కూడా ఇలాంటి వాలంటీర్లే. అక్షరాలు ఇచ్చింది వాలంటీర్లు. దూబగుంట ఆడవాళ్లు ఆ అక్షరాలతో తమ సొంత ప్రశ్న అడిగారు: మా ఊళ్లో ఈ సారా ఎందుకుంది? 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అప్పుడు ముఖ్యమంత్రి మా కర్నూలు జిల్లా కోట్ల విజయభాస్కరరెడ్డే.

ఆ పాఠం సైన్స్ ఫెయిర్‌కు ఎందుకు పనికిరాదు? ఇక్కడ ప్రశ్న కూడా పైనుంచే వస్తోంది. జవాబు అంగట్లో దొరుకుతోంది. పిల్లకు మిగిలింది బట్టీపట్టి అప్పజెప్పడం. డబ్బున్న ఇంటి మోడల్ గెలుస్తుంది, దాన్ని ప్రతిభ అంటాం.

ఇంకో మాట. 1995 సెప్టెంబరులో వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశం ఊగిపోతే, అది తలతన్యత అని చెంచాతో చేసి చూపించింది సైన్స్ ప్రచారకులే. మంచి పని. కానీ అదే దేశంలో హోటళ్లలో మాకు రెండో గ్లాసు ఉండేది. ఆ గ్లాసు ఏ సూత్రం మీద నిలబడిందని ఎన్ని సైన్స్ ఫెయిర్లలో అడిగారు? శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలో 51-ఎ(హెచ్) చేర్చారు. ముట్టుకుంటే మైల అనే నమ్మకాన్ని మించిన మూఢనమ్మకం ఏదైనా ఉందా? బాబాలను నిలదీసే వేదిక మీద కులం మాటెత్తితే మాత్రం "సైన్స్‌లోకి రాజకీయాలు తేవద్దు" అంటారు.

తెచ్చింది మేమా? మేఘనాథ్ సాహా 1920లో నక్షత్రాల వెలుగును చదివే సమీకరణం ఇచ్చాడు. కలకత్తాలో చదువుకునే రోజుల్లో హాస్టల్ భోజనశాలలో ఆయన పక్కన తినడానికి పై కులాల విద్యార్థులు ఒప్పుకోలేదు. కార్ల్ సాగన్‌లా సైన్స్ రాయాలనుకున్న మన రోహిత్ 2016 జనవరి 17న ఒక్క ఉత్తరమే రాసి వెళ్లిపోయాడు. ఈ దేశంలో సైన్స్ గది గుమ్మం దగ్గరే కులం నిలబడి ఉంది.

నా సంగతి చెప్తానన్నాను. ఏడో తరగతిలో ఒక బడిలో సైన్స్ ఫెయిర్‌కు కరెంటు గంట చేశాను. ఇనుప మేకుకు రాగి తీగ చుట్టి, పాత సైకిల్ బెల్లు కప్పు బిగించాను. తీగ ఎన్ని చుట్లు చుడితే గంట బాగా మోగుతుందో రాసుకున్నాను. ఆ రోజు సారు వచ్చి, "నీ మాట తేటగా ఉండదురా, వాడు చెప్తాడు. నువ్వు వెనక బ్యాటరీ పట్టుకో" అన్నాడు. ఇంకో పిల్లోడు చెప్పాడు. ప్రైజు వాడికొచ్చింది. బల్ల వెనక కూర్చుని నేను గంట మోగించాను. మాట తేటగా చేసుకోవడానికే తెలుగులో డాక్టరేట్ దాకా నడిచానేమో! ఆ రోజు నా చుట్ల లెక్క ఎవరైనా అడిగి ఉంటే ఇంకో దారిన పోయేవాణ్ణి.

తిట్టి ఊరుకోవడం మన పద్ధతి కాదు. సైన్స్ ఫెయిర్లు పెట్టేవాళ్లను, వాటికి సాయం చేసే వాలంటీర్లను అడుగుతున్నాను.

1. మా వైపు ఫెయిర్లు దీపావళికి ముందు పెట్టండి. క్యాలెండర్ మార్చలేమంటే సుగ్గి నుంచి వచ్చాక ఇంకొకటి పెట్టండి.

2. వలస కుటుంబాల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. బండ్లు కదలకముందే వాటి తలుపులు తెరవాలని మాతోపాటు అధికారుల దగ్గరికి రండి. రాత్రిపూట అక్కడ ప్రయోగాలు చేయించండి.

3. కొన్న మోడల్‌కు మార్కులు వద్దు. ప్రశ్నకు, కొలతకు, రాసుకున్న నోటుబుక్కుకు ఇవ్వండి. పిల్లలు తమ ఊరి సమస్యనే పరిశోధించాలని 1993 నుంచి నడుస్తున్న బాలల సైన్స్ కాంగ్రెస్ చెప్తూనే ఉంది.

4. పిల్లను తన మాటలో చెప్పనివ్వండి. "యాడిది" అన్నంత మాత్రాన భౌతికశాస్త్రం చెడిపోదు.

5. ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన ఆలోచనకు ₹10,000 పిల్లల ఖాతాలోకే వస్తుంది. బడి ఆ ఆలోచనను ఆన్‌లైన్‌లో పంపాలి. గేరిలో చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ ఒక్క పని మీరు పట్టుకోండి. మన పిల్లల ప్రశ్నలు బడిదాకా మోసుకెళ్లండి. మనవాళ్లే వాలంటీర్లయితే ఎవరి దయా అక్కర్లేదు.

పత్తి తీసేవాళ్లకు కూలి కిలో లెక్కన ఇస్తారు. మంచుతో తడిసిన పత్తి బరువెంత, ఎండాక బరువెంత, మేస్త్రీ తక్కెడ ఎంత చూపిస్తుంది? ఇది కూడా సైన్సే. ఈ లెక్క తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే తల్లి కూలి పోదు. అగ్నిపర్వతం మోడల్ ఆ ఇంటికి ఏమిస్తుంది?

మొన్న రాత్రి ఆ పిల్ల వాళ్లమ్మ ఫోన్ నుంచి మాట్లాడింది. ఇంట్లో కొబ్బరినూనె అయిపోయిందట. "మజ్జిగ పూసి చూసినాం సా. మాయమ్మకు తొందరగా తగ్గింది, నాకు ఆలిస్యమైంది. యాలనో తెల్ల." రాసి పెట్టుకోమన్నాను. పుస్తకం లేదు, సిమెంటు సంచి కాగితం మీద రాస్తున్నానంది.

ఉగాదికి వస్తుంది. ఆ కాగితం పెట్టడానికి ఒక బల్ల కావాలి. మన భవనంలోనే వేద్దాం. తేదీ వచ్చే భాగంలో చెప్తాను. వచ్చేవాళ్లు బొకేలు తేవద్దు, నోటుబుక్కులు తెండి.

జై భీమ్.