పది సెకన్లు ఇస్తే ఏం పోయింది?

మొన్న మా అమ్మాయి స్కూల్లో బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్ళాను. ఆట మధ్యలో ఒక పిల్ల బూటు లేసు ఊడిపోయింది. బంతి గీత దాటి బయటికి వెళ్ళాక వంగి కట్టుకోబోయింది. "అవన్నీ ఇంటి దగ్గరే చూసుకుని రావాలమ్మా" అన్నాడు రిఫరీ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల లేసు ఈడ్చుకుంటూనే పరుగెత్తింది, కాసేపటికి బోర్లా పడింది. మోకాలు దోక్కుపోయి రక్తం వచ్చింది. అప్పుడు మాత్రం ఆట ఠక్కున ఆగింది. రక్తం కారుతుంటే ఆడనివ్వకూడదని నియమం ఉంది కదా మరి!

రక్తం వస్తేగానీ అవసరాన్ని అవసరంగా గుర్తించకపోవడం ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు.

అలాగని, ఎదుటి జట్టు పిల్ల బంతి పట్టుకుని బుట్ట దాకా దూసుకెళ్తుంటే లేసు కోసం విజిల్ వేయమని నేను అనను. అది వాళ్ళ నోటి దగ్గర ముద్ద లాగేసుకోవడమే. పైగా ఓడిపోతున్న జట్టు కావాలనే లేసులు ఊడదీసుకుని ఊపిరి తీసుకోవచ్చు. ఫిబా నియమాల ప్రకారం దెబ్బ తగిలినా సరే, ఆ పిల్లకి ప్రమాదం లేకపోతే బంతి ఉన్న జట్టు షాట్ వేసేదాకానో, బంతి పోగొట్టుకునేదాకానో ఆగాలి. షాట్ వేయడానికి వాళ్ళకి ఉండేదే 24 సెకన్లు. అంతసేపు లేసు ఆగలేదా? ఆగుతుంది.

నా గొడవంతా బంతి ఆగిన తర్వాతి సంగతి గురించే. విజిల్ పడితే ఫిబా ఆటలో గడియారం కూడా ఆగుతుంది. అప్పుడు పది సెకన్లు ఇస్తే ఎవరి సొమ్ము పోతుంది? అమెరికా హైస్కూల్ ఆటల్లో కళ్ళజోడో, కంటి లెన్సో జారిపోయి ఆట ఆపితే దాన్ని జట్టు టైమవుట్ కింద లెక్కవేయరు. చిన్న అవసరానికి చోటిస్తే ఆట చెడిపోదని అక్కడ తెలుసుకున్నారు.

లేసంటే అందరికీ కనబడుతుంది. నెలసరి మరక అంటుకుందేమోనన్న భయం ఎవరికి కనబడుతుంది? పదమూడేళ్ళ పిల్ల మగ రిఫరీ దగ్గరికెళ్ళి ఏమని చెబుతుంది? బంతి ఆగినప్పుడు మనిషిని మార్చుకోవడానికి నియమాల్లో ఎలాగూ వీలుంది. "సార్, బయటికెళ్ళాలి" అంటే "ఎందుకు?" అని అడక్కుండా పంపిస్తే చాలు. పని చూసుకుని తర్వాత మళ్ళీ ఆటలోకి వస్తుంది.

ఈసారి మ్యాచ్‌లో నేను నవ్వను. బంతి ఆగగానే "సార్, లేసు!" అని అరుస్తాను. మీరూ అరవండి.