డ్రైవర్ సంచిలోనే ఉంటే తప్పేముంది?

బాగేపల్లి పక్క పల్లెల్లో చిన్నిదాండు ఆడి పెరిగినవాళ్ళకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. దాండుతో గట్టిగా కొడితే చిన్ని దూరం పోతుంది. పోయిన దూరాన్ని దాండుతో కొలిచి లెక్క రాబట్టుకోవచ్చు. కానీ గాల్లో ఉండగానే ఎదుటోడు పట్టేస్తే అంతే సంగతులు. దాండు ఇంకొకరి చేతికిచ్చి పక్కకు తప్పుకోవాల్సిందే. అందుకే ఆట తెలిసిన పిల్లోడు ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూస్తాడు. ఆ తర్వాతే కొడతాడు.

పల్లె పిల్లలకు తెలిసిన ఈ చిన్న పాఠమే గోల్ఫ్ మైదానంలో ఇంకా తెగని తగువుగా ఉంది. చిక్కబళ్ళాపురం, చింతామణి వైపు నుంచి కూడా ఆదివారం తెల్లవారుజామునే కార్లలో పొడవాటి సంచులు వేసుకుని బయలుదేరేవాళ్ళు ఇప్పుడున్నారు. వ్యాపారులు, డాక్టర్లు, రియల్ ఎస్టేట్ వాళ్ళు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సొంతూరికి వచ్చిపోయేవాళ్ళు. ఆట ముగించి ఇడ్లీ, కాఫీ ముందు కూర్చున్నాక చర్చ ఎప్పుడూ ఒక్కటే. ఫలానా హోల్‌లో డ్రైవర్ కొట్టాలా, వద్దా? అంత కష్టమైన కోర్సులో ఆడటం గొప్పా, పిచ్చా? ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో వాళ్ళు అలా ఎందుకు కొడతారు?

చూడటానికి ఇది డబ్బున్నోళ్ళ కాలక్షేపం కబురు. కానీ కాస్త లోతుకు పోతే ఇందులో భూమి ఉంది, నీళ్ళున్నాయి, ఈ జిల్లా పిల్లల బతుకుదెరువూ ఉంది.

ఏమిటీ డ్రైవర్?

డ్రైవర్ అంటే ఇక్కడ బస్సు నడిపేవాడు కాదు. గోల్ఫ్ సంచిలో ఉండే కర్రలన్నిటిలోకీ పొడవైనది. మామూలుగా 45 అంగుళాలు ఉంటుంది. తల ఉబ్బుగా, బోలుగా ఉంటుంది. దాని పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదని నియమం. సంచిలో 14 కర్రల వరకు పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా దూరం పంపేది డ్రైవరే. అన్నిటికన్నా ఎక్కువగా దారి తప్పించేదీ అదే. దాని ముఖం దాదాపు నిటారుగా ఉంటుంది కాబట్టి దెబ్బలో చిన్న తేడా వచ్చినా బంతి పక్కకు తిరిగిపోతుంది.

లెక్క చూడండి. బంతి అనుకున్న గీతకు 5 డిగ్రీలు పక్కకు పోయిందనుకుందాం. 250 గజాల దూరం చేరేసరికి అది సుమారు 22 గజాలు పక్కన పడుతుంది. ముప్పై గజాల వెడల్పున్న ఫెయిర్‌వే మధ్యకు గురి పెట్టినవాడి బంతి పొదలోనే వెతుక్కోవాలి. అదే 5 డిగ్రీల తప్పు 180 గజాల దెబ్బలో జరిగితే తేడా 16 గజాలే. గడ్డి అంచునైనా దొరుకుతుంది.

ఇద్దరి మాటలోనూ నిజం

డ్రైవర్ వైపు మాట్లాడేవాళ్ళు ఉత్త గొప్పలకు పోయేవాళ్ళని కొట్టిపారేయడం కుదరదు. అమెరికాలో కొలంబియా బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ వేలాది ఆటల్లోని దెబ్బలను లెక్కకట్టి, పొడవుగా కొట్టేవాడికే మొత్తం మీద లాభమని 2014లో పుస్తకంగానే తెచ్చారు. బంతి గుంతకు ఎంత దగ్గరైతే తర్వాతి దెబ్బ అంత తేలిక. ఇది కాదనలేని మాట. 2020లో వింగ్డ్ ఫుట్ కోర్సులో జరిగిన యూఎస్ ఓపెన్‌లో బ్రైసన్ డిషాంబో నాలుగు రోజుల్లో 56 ఫెయిర్‌వేలకు గాను 23 మాత్రమే అందుకున్నాడు. అయినా ఆరు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. గడ్డిలో పడితే పడనీ, ముందు దూరం పోనీ అన్నది అతని పద్ధతి.

ఇక రెండో వైపు. 2006లో ఇంగ్లండ్‌లోని హొయ్‌లేక్‌లో బ్రిటిష్ ఓపెన్ జరిగినప్పుడు నేల ఎండి గట్టిపడి ఉంది. టైగర్ వుడ్స్ నాలుగు రోజుల్లో ఒకే ఒక్కసారి డ్రైవర్ తీశాడు. టైటిల్ అతనిదే. అంత దూరం ఎందుకు? 2025 అక్టోబరులో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో 40 లక్షల డాలర్ల బహుమతితో డీపీ వరల్డ్ ఇండియా ఛాంపియన్‌షిప్ జరిగింది. అదే ఏడాది మాస్టర్స్ గెలిచి వచ్చిన రోరీ మెకెల్‌రాయ్ అక్కడ డ్రైవర్‌ను సంచిలోనే పెట్టుకోలేదు. ప్రపంచంలో డ్రైవర్‌ను అంత బాగా కొట్టేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఆ కోర్సు ఏమైనా పొడవైనదా అంటే అదీ కాదు, సుమారు 6,900 గజాలు. కానీ రెండు పక్కలా దట్టమైన పొదలు. బంతి అందులోకి పోతే తిరిగి రావడం కల్ల. చివరికి 22 అండర్‌తో గెలిచింది టామీ ఫ్లీట్‌వుడ్.

మరి ఎవరిది రైటు? జవాబు కోర్సునే అడగాలి. గడ్డిలో పడినా కొట్టగలిగేచోట దూరం లాభం. పొదలు, నీళ్ళు, రాళ్ళు ఉన్నచోట దూరం నష్టం. డిషాంబో, వుడ్స్, మెకెల్‌రాయ్ ముగ్గురూ చేసింది నిజానికి ఒకే పని. ముందు నేలను చదివారు, తర్వాత కర్ర తీశారు. ఇడ్లీ హోటల్ వాదనలో తప్పిపోయేది ఈ మొదటి మెట్టే.

కష్టమైన కోర్సు ఎవరికి?

ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ అనే రెండు సంస్థలు ప్రపంచమంతటికీ గోల్ఫ్ నియమాలు రాస్తాయి. అవి బ్రిటన్ క్లబ్బుల్లో మగ అమెచ్యూర్ల డ్రైవ్‌లను కొలిస్తే సగటు సుమారు 215 గజాలే తేలింది. అమెరికా పీజీఏ టూర్ ప్రొఫెషనల్స్ సగటు ఇప్పుడు 300 గజాల దరిదాపుల్లో ఉంది. ఇద్దరి మధ్య 85 గజాల తేడా. అయినా అమెచ్యూర్‌కు ప్రొఫెషనల్ నిలబడే వెనక టీ మీదే నిలబడాలని ఆశ. 450 గజాల పార్ ఫోర్ హోల్‌లో 215 కొడితే ఇంకా 235 మిగులుతుంది. రెండో దెబ్బకు కూడా గ్రీన్ అందదు. పద్దెనిమిది హోల్స్ అలా ఆడి, పది బంతులు పోగొట్టుకుని, వెనక వచ్చేవాళ్ళను గంటలు ఆపి, ‘అబ్బా, ఏం టఫ్ కోర్సు’ అని గొప్పగా చెప్పుకోవడం విడ్డూరం.

కోర్సుల దగ్గర తరచూ కనిపించే దృశ్యం ఇది. సంచి మోసే కుర్రాడు మెల్లగా అంటాడు: ‘సార్, ఈడ డ్రైవర్ వద్దు సార్. ఎడమ పక్క నీళ్ళుండాయి. ఐదో నంబర్ ఐరన్ తీస్కోండి.’ సారు నవ్వుతాడు. ‘ఏం కాదులేప్పా, ఇయ్యి.’ తర్వాత నీళ్ళలో బుడుంగుమన్న చప్పుడు. కుర్రాడు మారు మాట్లాడకుండా ఇంకో బంతి తీసి ఇస్తాడు. ఆ కోర్సును రోజూ కాలి నడకన కొలిచేది ఆ కుర్రాడు. వారానికోసారి వచ్చి వాదించేది సారు. నేలను చదవడం ఎవరికి బాగా తెలుసో వేరే చెప్పాలా?

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. 2011లో అమెరికాలో ‘టీ ఇట్ ఫార్వర్డ్’ అనే ప్రచారం మొదలైంది. డ్రైవర్‌తో 200 గజాలు కొట్టేవాడికి మొత్తం కోర్సు 5,200 నుంచి 5,400 గజాలుంటే చాలని దాని సలహా. ముందు టీ నుంచి ఆడమనడమే. అది ఆడవాళ్ళదనీ, ముసలివాళ్ళదనీ ఇక్కడ చాలామందికి నామోషీ. ముందు టీ మీద నిలబడితే పరువు పోతుంది గానీ, నీళ్ళలో మూడు బంతులు వేస్తే పోదా?

టోర్నమెంట్లు చెప్పే పాఠం

ప్రొఫెషనల్ టోర్నమెంట్లు చూసి అమెచ్యూర్లు నేర్చుకునేది దూరం ఒక్కటే. నేర్చుకోవలసింది వేరే ఉంది. గుర్గావ్‌లోని డీఎల్‌ఎఫ్ గ్యారీ ప్లేయర్ కోర్సు దేశంలో గడ్డు కోర్సుల్లో ఒకటి. 2017లో అక్కడ ఇండియన్ ఓపెన్‌ను ఎస్‌ఎస్‌పీ చౌరాసియా ఏడు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. అతను పొడవుగా కొట్టేవాడు కాదు. కోల్‌కతాలో కోర్సు గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు. బలమంతా గ్రీన్ చుట్టూ ఆడే చిన్న దెబ్బల్లోనే. 2019లో అదే కోర్సులో స్టీఫెన్ గాలచర్ చివరి రోజు ఏడో హోల్‌లో ఎనిమిది దెబ్బలు తిన్నాడు. అయినా తల చల్లగా ఉంచుకుని టైటిల్ కొట్టాడు.

బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఒక్క స్ట్రోకు తేడాతో పతకం తప్పింది. ఆ పోటీలో అతి తక్కువ దూరం కొట్టినవాళ్ళలో ఆమె ఒకరు. 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచిన సి. మునియప్ప బెంగళూరు కోర్సులో ఇతరుల సంచులు మోసి ఆట నేర్చుకున్నవాడు. బిడది దగ్గర కోర్సు పక్క పల్లెలోని కూలీ కుటుంబంలో పుట్టిన చిక్కరంగప్పదీ అదే దారి. వీళ్ళెవరూ ఖరీదైన డ్రైవర్‌తో పైకి వచ్చినవాళ్ళు కారు. అరిగిన ఐరన్లతో, పడిన బంతులు ఏరుకుని గురి నేర్చుకున్నవాళ్ళు. నంది కొండ కింది పల్లెల కుర్రాళ్ళకు ఎప్పుడైనా దారి దొరికితే అది ఇలాంటి దారే.

నీళ్ళ మాటేమిటి?

ఇక అసలు సంగతి. బంతి దూరం పోయేకొద్దీ కోర్సు పొడవు పెంచాలి. 1980లో అమెరికా ప్రొఫెషనల్స్ సగటు డ్రైవ్ సుమారు 257 గజాలు. ఇప్పుడు 300. పొడవు పెరిగితే భూమి కావాలి. భూమి పెరిగితే గడ్డి, గడ్డి పెరిగితే నీళ్ళు, మందులు. ఇది గోల్ఫ్ గిట్టనివాళ్ళు చెప్పే మాట కాదు. ఆట నియమాలు రాసే ఆ రెండు సంస్థలే ఈ కారణాలు చెప్పి, బంతి పోయే దూరాన్ని తగ్గించేలా పరీక్షలు మారుస్తామని 2023 డిసెంబరులో ప్రకటించాయి.

ఈ మాట చిక్కబళ్ళాపురం జిల్లాకు తగిలినంతగా ఇంకెక్కడా తగలదు. 2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడిన ఈ జిల్లాలో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. చిత్రావతి ఇక్కడే పుట్టినా బాగేపల్లి దగ్గర ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. చింతామణి టమాటా రైతు, శిడ్లఘట్ట మల్బరీ రైతు వెయ్యి అడుగులు దాటి బోరు వేసి అప్పులపాలవుతున్నారు. బెంగళూరు మురుగు నీటిని శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార పథకం కింద పైపుల్లో ఈ జిల్లా చెరువులకు తెస్తున్నారంటే కరువు ఎంత ముదిరిందో అర్థమవుతుంది. దేవనహళ్ళిలో 2008లో విమానాశ్రయం వచ్చాక నంది కొండ దాకా భూమి ధర ఆకాశానికెక్కింది. ఆ దారిలోనే పీ.బీ. డై రూపొందించిన పద్దెనిమిది హోళ్ళ కోర్సు కూడా వచ్చింది. ఇక ముందు ఇలాంటివి ఇంకెన్ని వస్తాయో ఎవరు చెప్పగలరు?

గోల్ఫ్ వద్దనడం పరిష్కారం కాదు. ఈ ఆట ఈ నేలకు కొత్తదీ కాదు. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది. కోలారు బంగారు గనుల్లో తెల్లదొరలు ఆడిన కాలం నుంచీ ఇక్కడివాళ్ళకు పరిచయమే. వచ్చే కోర్సు ఎలా ఉండాలన్నదే ప్రశ్న. ఏడువేల గజాలు దాటిన పచ్చిక ఎవరి కోసం? నిజంగా అంత దూరం కొట్టగలిగేవాడు ఈ మూడు తాలూకాల్లో ఎంతమంది ఉంటారు?

చేయదగినవి మూడే మూడు. కొత్తగా అనుమతి అడిగే కోర్సులు పొట్టిగా, గట్టి నేల మీద, స్థానిక చెట్లు పొదల మధ్య రావాలి. ఢిల్లీ కోర్సు గొప్ప కోర్సే కదా, దానికి పొడవు అక్కరలేకపోయింది. రెండోది, బోరు నీళ్ళు ఒక్క చుక్క వాడకుండా శుద్ధి చేసిన నీటితోనే పచ్చిక పెంచాలన్న షరతును కాగితం మీద కాక మీటరు పెట్టి అమలు చేయాలి. మూడోది, సంచి మోసే పల్లె కుర్రాళ్ళకు వారంలో ఒక పూట కోర్సు వదిలి, పాత కర్రలిచ్చి ఆడనివ్వాలి. దీనికి పెద్ద ఖర్చేం లేదు, మనసుంటే చాలు.

అమెచ్యూర్లు చేయాల్సింది ఇంకా తేలిక. వచ్చే ఆదివారం వెనక టీ వదిలేసి ముందు టీకి రావాలి. సంచి మోసే కుర్రాడు ‘ఐరన్ తీస్కోండి సార్’ అంటే ఒక్కసారి విని చూడాలి. స్కోరు తగ్గితే ఇడ్లీ ముందు వాదన దానంతట అదే తీరిపోతుంది. తగ్గకపోతే డ్రైవర్ ఎక్కడికీ పోదు, కారు డిక్కీలోనే ఉంటుంది.