కోత చల్లనిదే, తాకిడి సంగతేంటి?

కళ్లద్దాలు వదిలించుకోవాలని లేసిక్‌కు వెళ్లేవారిని ఊరడించే మాట: ఇది చల్లని లేజర్. అబద్ధమేమీ కాదు. 193 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం చుట్టుపక్కల కణజాలాన్ని కాల్చదు. 1981 నవంబర్‌లో ఐబీఎం శాస్త్రవేత్త రంగస్వామి శ్రీనివాసన్ (పుట్టింది చెన్నైలో) పండగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను న్యూయార్క్ రాష్ట్రంలోని ప్రయోగశాలకు పట్టుకెళ్లి లేజర్ కింద పెట్టారు. మాడిన ఆనవాలు లేకుండా తెగింది. అందుకు అమెరికా జాతీయ పతకం ఆయన బృందానికి 2013లో గానీ అందలేదు.

అయితే వేడి లేదంటే దెబ్బ లేదని కాదు. ఒక్కో పల్స్ కొన్ని నానోసెకన్లలో ముగుస్తుంది. కార్నియాపై మైక్రాన్‌లో సుమారు పావు వంతు పొర పేలి, ధ్వనిని మించిన వేగంతో ఎగిరిపోతుంది. పేలిన తుపాకీ భుజాన్ని తన్నినట్టు ఆ విసురు కంటిని వెనక్కి తంతుంది. ఆ తాకిడికి పుట్టిన పీడన తరంగం కంటి లోపలికి సాగుతుంది. ఆపరేషన్ గదిలో వినిపించే టకటకలు కూడా ఈ పేలుళ్లవే.

కిరణం వెడల్పయ్యేకొద్దీ తరంగం మరింత లోతుకు బలంగా వెళుతుంది. తొలితరం యంత్రాలు ఐదారు మిల్లీమీటర్ల మేర ఒకేసారి కొట్టేవి. ఇప్పటివి మిల్లీమీటరుకు అటూఇటూ ఉండే చుక్కలతో చెక్కుతున్నాయి.

లేసిక్ వల్లే రెటీనా ఊడుతుందని తేలలేదు. కానీ మైనస్ పవర్ బాగా ఎక్కువ ఉన్నవారికి రెటీనా ముందే పలచబడి ఉంటుంది, ఆపరేషన్ చేయించుకున్నా లేకున్నా ఊడే ముప్పు ఎక్కువే. అందుకే కంటిపాపను విప్పార్చే చుక్కలు వేసి, రెటీనాను అంచుల దాకా ముందే చూడాలి. ప్యాకేజీ ప్రకటనల్లో కనిపించకపోయినా ఈ పరీక్షను అడిగి మరీ చేయించుకోవాలి.