ఇరుకు స్థలానికి తగిన మొక్క

ఒక సోదరి ఈ విధంగా అడిగారు: “మా ఇంటి గోడకూ ప్రహరీకీ నడుమ రెండడుగుల మట్టిపట్టీ ఉంది. కిటికీ తెరిస్తే వీధిలో పోయేవారికి లోపలంతా కనబడుతుంది. మనిషెత్తు పెరిగి, రంగురంగుల పూలు పూసే మొక్క కావాలి. పచ్చగన్నేరు వేయమని ఇరుగుపొరుగువారు చెబుతున్నారు. వేయవచ్చునా? మా మనవడికి ఇప్పుడు మూడో ఏడు.”

పచ్చగన్నేరును సూచించినవారి ఉద్దేశం మంచిదే. అది నిటారుగా పెరుగుతుంది, ఎండకు తట్టుకుంటుంది, పెద్దగా పోషణ కోరదు. అందుకే ఊరూరా ప్రహరీల వెంట కనిపిస్తుంది. అయితే ఈ సోదరి ప్రశ్నకు సమాధానం ఆమె చివరి వాక్యంలోనే ఉంది. పచ్చగన్నేరులో ఆకు, పువ్వు, పాలు, కాయ అన్నీ విషమే. గింజ మరింత ప్రమాదకరం. ఆ విషం గుండె కొట్టుకునే తీరును దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తుంది. ఎర్రగన్నేరు, తెల్లగన్నేరు కూడా ఈ విషయంలో తక్కువ కావు.

విశాలమైన తోటలో మొక్కకూ మనిషికీ మధ్య దూరం ఉంటుంది. రెండడుగుల పట్టీలో ఆ దూరం ఉండదు. రాలిన కాయ పసివాని చేతికి అందుతుంది. బక్రీద్‌కు ముందు కొన్నాళ్లు ఇంటి వద్ద మేకను కట్టివేసే కుటుంబాలు మనలో అనేకం. నరికి పడవేసిన గన్నేరు కొమ్మ ఎండిపోయినా దాని విషం పోదు. ఆకలిగొన్న మేక దాన్ని నమిలితే చనిపోవచ్చు. కనుక ఇరుకైన చోట మొక్కను ఎంచుకునేటప్పుడు పువ్వు రంగు కన్నా ముందు, దాని పక్కనుంచి నిత్యం నడిచేది ఎవరు అన్నది ఆలోచించాలి.

ఇప్పటికే గన్నేరు ఉన్నవారు పిల్లలు ఎదిగేవరకైనా దాన్ని తొలగించడం మేలు. పసివాడు దాని కాయనో ఆకునో నోట పెట్టుకున్నాడని అనుమానం కలిగితే, లక్షణాలు కనబడేవరకు వేచి ఉండరాదు. గృహవైద్యం చేయరాదు, బలవంతంగా వాంతి చేయించరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. వైద్యులు గుర్తించేందుకు ఆ మొక్క కొమ్మ ఒకటి సంచిలో వేసి వెంట తీసుకుపోవాలి.

మరి ఏది వేయాలి? ఈ స్థలానికి నేను సూచించేది మెట్టతామర. కొందరు దీన్ని కృష్ణతామర అంటారు. రకాన్ని బట్టి మూడు నుంచి ఆరు అడుగుల ఎత్తు నిటారుగా పెరుగుతుంది. వెడల్పాటి ఆకులు తెరవలె నిలిచి చూపును అడ్డుకుంటాయి. పువ్వులు ఎరుపు, పసుపు, నారింజ రంగులలో ఉంటాయి. కొన్ని రకాల ఆకులే ఊదారంగులో ఉంటాయి. ఇది దుంప మొక్క గనుక దీని వేళ్లు చెట్టు వేళ్లవలె లావెక్కి గోడను నెట్టవు. విషమూ లేదు, ముళ్లూ లేవు. గింజలు మాత్రం నల్లని గట్టి పూసలవలె ఉంటాయి. పసివారి గొంతుకు అడ్డుపడే అవకాశం ఉంది గనుక పూలు వాడగానే ఆ కాడను కోసివేయాలి.

తొలకరి వానలు పడ్డాక, రెండు మూడు మొలకకళ్లున్న దుంపలను పట్టీ నడుమ రెండు మూడు అంగుళాల లోతున, అడుగున్నర ఎడంతో ఒకే వరుసలో నాటండి. నాటేముందు మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. ఈ మొక్క నీటిని ఇష్టపడుతుంది. సబ్బు కలవని వుజూ నీటిని చిన్న కాలువ ద్వారా అటు మళ్లిస్తే వేరే నీరు అంతగా అవసరం ఉండదు. అయితే నీరు మట్టిలోకి ఇంకాలే గాని గోడ మొదట నిలువరాదు. నిలిస్తే గోడకు చెమ్మ, ఇంటికి దోమలు. రెండు మూడేళ్లకొకసారి దుంపలను తవ్వి, విడదీసి, కొన్నింటినే తిరిగి నాటండి. మిగిలినవి బంధువులకు, పొరుగువారికి ఇవ్వవచ్చు.

రోజుకు కనీసం నాలుగైదు గంటల ఎండ తగలని చోట మెట్టతామర సరిగా పూయదు. అక్కడ ఊదా ఆకుల రకం వేసి ఆకు అందంతో తృప్తి పడాలి. ఎండ మెండుగా ఉండి నీరు తక్కువైన చోట మందారం మంచిది. కాని అది పక్కలకు విస్తరిస్తుంది. ఏటా కొమ్మలు కత్తిరించాలి, పిండినల్లి పట్టకుండా కనిపెట్టాలి. కాగితపు పూల తీగ ఎంత అందమైనదైనా, ముళ్ల వల్ల నడిచే దారికి తగదు. అశోకమని పిలుచుకునే నరమామిడి సన్నగానే కనిపించినా మేడను మించి ఎదుగుతుంది.

ఏది నాటినా, కొమ్మ ప్రహరీ దాటి పొరుగింటి ఆవరణలో ఆకులు రాల్చకుండా చూసుకోవడం మన బాధ్యత. పొరుగువారి హక్కు గోడ దగ్గరే మొదలవుతుంది. నాటేముందు వారితో ఒక మాట చెబితే, ఊరికి వెళ్లిన నాలుగు రోజులు ఆ మొక్కకు వారే నీరు పోస్తారు.