ఓటడుగని పాలకపక్షము

బ్రిటిష్ పార్లమెంటున నేడు అధికారము నెరపుచున్న లేబర్ పక్షము, తన పాలన క్రింద నున్న ఉత్తర ఐర్లండులో ఒక్క అభ్యర్థినైనను నిలుపదు. అక్కడ ఆ పక్షమునకు మనుష్యులు లేక కాదు. 2003 వరకు ఆ సీమవాసులకు లేబర్ సభ్యత్వమే నిషిద్ధమై యుండెను. ఒక కార్మికసంఘ కార్యకర్త న్యాయస్థానము నాశ్రయించిన పిమ్మట ఆ నిషేధము తొలగినది. నాటినుండి చందా కట్టుటకును, సభలు జరుపుకొనుటకును, లండనులోని నాయకుని ఎన్నుకొనుటలో పాల్గొనుటకును వారికి హక్కు కలిగినది గాని, తమ పురమందలి కౌన్సిలు స్థానమునకైనను తమ పక్షము పేర నిలుచు హక్కు కలుగలేదు. 2016లో జరిగిన శాసనసభ ఎన్నికలలో సభ్యులు ఎనిమిదిమంది వేరొక పేరు పెట్టుకొని నిలిచిరి. తమ పక్షపు నామము, గుర్తు, అండ మూడును లేని ఆ పోరాటమున వారెవ్వరును గెలువకపోవుట వింత గాదు.

ఇది పక్షపు అంతరంగిక వ్యవహారమని ఊరకుండదగిన విషయము కాదు. పన్నుల రేట్లు నిర్ణయించునది లండను, బెల్ఫాస్టు ప్రభుత్వమునకు నిధులలో అధికభాగము పంపునది లండను. 2024 అక్టోబరు 30 నాటి బడ్జెట్టులో పదిలక్షల పౌండ్లకు మించిన వ్యవసాయాస్తిపై వారసత్వపు పన్ను విధింతుమని ప్రకటించినపుడు, ఉత్తర ఐర్లండు రైతులు లిస్బర్న్ సమీపమున పెద్ద సభ జరిపి నిరసించిరి. కాని ఆ పన్ను తలపెట్టిన పక్షమునకు ఓటు వేయుటకు గాని, వేయక శిక్షించుటకు గాని వారికి ఎన్నడును అవకాశము దొరకలేదు. కామన్వెల్తు పౌరులగుటచే, బెల్ఫాస్టున ఆస్పత్రులలోను సాఫ్ట్‌వేరు కంపెనీలలోను పనిచేయుచున్న మన తెలుగువారికి భారత పాస్‌పోర్టుతోనే పార్లమెంటు ఎన్నికలలో ఓటుహక్కు కలదు. ఓటు చేతనుండియు, దేశమును పాలించు పక్షము పేరు బ్యాలెట్టు కాగితముపై కానరాని వింత స్థితిలో మనవారును చిక్కుకొని యున్నారు.

లేబర్ నాయకులు చూపు కారణములు రెండు. 1970లో స్థాపితమైన ఎస్.డి.ఎల్.పి. తమ సోదరపక్షము గనుక దానితో పోటీపడరాదనుట మొదటిది. శాంతిఒప్పందము ప్రకారము ప్రభుత్వము నిష్పక్షపాతముగా నుండవలె గనుక ఎన్నికల రంగమున దిగరాదనుట రెండవది. ఈ రెండవ దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. 1998 ఏప్రిల్ 10 నాటి ఆ ఒప్పందమునకు పూర్వము మూడు దశాబ్దుల వర్గపోరులో మూడువేల అయిదువందలకు పైగా ప్రాణములు పోయినవి. అయినను నిష్పక్షపాతము ప్రభుత్వము నడచుకొను తీరునందుండును గాని, ఓటరునకు ముఖము చాటువేయుటయందుండదు. మొదటి కారణము మరింత బలహీనమైనది. ఎస్.డి.ఎల్.పి. సమ్మతిమార్గమున ఐర్లండు ఏకీకరణమును కోరు పక్షము. వైద్యము, కూలి, ఇండ్లు, బడి అను విషయములే ముఖ్యమని తలచుచు, బ్రిటనుతో నుండుటయా ఐర్లండుతో కలియుటయా అను సరిహద్దు ప్రశ్నపై ఏ వైపునను నిలువనొల్లని కార్మికుడు లేబరును కోరినచో, నీవు ఎస్.డి.ఎల్.పి.కి ఓటు వేసికొమ్మనుట అతని అభిప్రాయము నతనికే బోధింపబూనుట. అట్టివారు లేరందురా, 2022లో ఏ వర్గమునకును చెందమని చెప్పుకొను అలయన్సు పక్షము శాసనసభలోని 90 స్థానములలో 17 గెలిచినది. అంతకు పూర్వము, లండను పక్షముతో నిమిత్తములేక 1924లో పుట్టిన ఉత్తర ఐర్లండు లేబర్ పక్షము 1958లో బెల్ఫాస్టు నగరముననే నాలుగు స్థానములు గెలిచి, 1970 పార్లమెంటు ఎన్నికలలో లక్షకు చేరువగా ఓట్లు సంపాదించినది. తుపాకులు మ్రోగిన కాలమున అది రెండు వర్గముల మధ్య నలిగి క్షీణించి 1987లో అంతరించినది.

కన్సర్వేటివు పక్షము కథ దీర్ఘమైనది, నా దృష్టిలో ఎక్కువ బోధపరచునది. ఉత్తర ఐర్లండు బ్రిటనుతోనే యుండవలెనను అల్‌స్టర్ యూనియనిస్టు సభ్యులు అర్ధశతాబ్దికి పైగా పార్లమెంటులో కన్సర్వేటివు విప్పును పాటించిరి. బెల్ఫాస్టులో తమకు శాఖ యొకటి వేరే కావలెనన్న తలంపే లండనులో ఎవరికిని పుట్టలేదు. 1972 మార్చిలో కన్సర్వేటివు ప్రధాని హీత్ బెల్ఫాస్టు ప్రభుత్వమును తొలగించి ప్రత్యక్షపాలన విధించెను. మరుసటి సంవత్సరము రెండు వర్గములకును అధికారము పంచుటకై కుదిరిన సన్నింగ్‌డేల్ ఒడంబడికతో ఆ బంధము తెగిపోయినది. 1974 ఫిబ్రవరి ఎన్నికలలో ఒడంబడికను వ్యతిరేకించిన యూనియనిస్టులు అచ్చటి 12 స్థానములలో 11 గెలిచిరి. పార్లమెంటు మొత్తమున కన్సర్వేటివులకు 297, లేబరుకు 301 వచ్చినవి. ఆ పదునొకండుగురు పూర్వమువలె హీత్ వెనుక కూర్చుండి యుండినచో ఎక్కువ బలము గల పక్షము ఆయనదే అయి యుండెడిది.

పిమ్మట ఉత్తర ఐర్లండులోని నార్త్ డౌన్ ప్రాంతపు కన్సర్వేటివు సామాన్య సభ్యులు పట్టుబట్టి, నాయకులకు ఇష్టము లేకపోయినను, 1989లో పక్ష మహాసభచే తమ శాఖకు గుర్తింపు సాధించుకొనిరి. మూడేండ్లలోనే, 1992లో, వారి అభ్యర్థి లారెన్స్ కెనెడీ ఆ నియోజకవర్గమున ద్వితీయస్థానము పొందెను. తమంతట తాము కట్టుకొన్న శాఖ చూపిన సత్తువ అది! తరువాత జరిగినది వేరు. 2008లో కన్సర్వేటివు నాయకుడు కామెరాన్, అల్‌స్టర్ యూనియనిస్టు నాయకుడు రెజ్ ఎంపీ పైనుండి కుదుర్చుకొన్న కూటమి 2010లో ఒక్క స్థానమును గెలువకపోగా, అప్పటివరకు యూనియనిస్టు సభ్యురాలైన సిల్వియా హెర్మన్ దానిని నిరాకరించి స్వతంత్రురాలై నార్త్ డౌన్‌ను నిలుపుకొనెను. 2017లో పార్లమెంటున బలము చాలని కన్సర్వేటివు ప్రభుత్వము, శాఖను ప్రక్కనబెట్టి, మరియొక యూనియనిస్టు పక్షమగు డి.యు.పి. పదిమంది సభ్యుల మద్దతుకై ఆ సీమకు నూరుకోట్ల పౌండ్లు అదనముగా ఇచ్చుట కొప్పుకొనెను. నేడచ్చట ఆ శాఖకు వచ్చు ఓట్లు నూటికి ఒకటైనను లేవు.

తెలుగువారికి ఈ కథ రెండు వైపులను తెలిసినదే. పట్టాభి సీతారామయ్య మొదలగువారి పట్టుదలవలన 1918లో ఆంధ్రులకు వేరుగా రాష్ట్ర కాంగ్రెసు ఏర్పడినది. ఆంధ్రరాష్ట్ర మేర్పడుటకు 35 ఏండ్ల ముందే శాఖ యేర్పడి, రాష్ట్రమునకు దారి చూపినది. 1978 తరువాత అదే కాంగ్రెసు అయిదేండ్లు తిరుగకమునుపే చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి గార్లను ఢిల్లీ నుండి వరుసగా ముఖ్యమంత్రులను జేయగా, 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశము పది నెలలైనను గడువకముందే రెండువందలకు పైగా స్థానములు గెలిచినది. విభజన జరిగిన 2014లో మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెసుకు 175 శాసనసభా స్థానములలో ఒక్కటియు రాలేదు. మనకు శాఖ యుండియు దాని తీర్పు చెల్లలేదు. బెల్ఫాస్టు వారికి తీర్పు చెప్పుటకు తగిన శాఖయే ఈయబడలేదు.

2027 మే నెలలో అచ్చట శాసనసభకు ఎన్నికలు జరుగవలసియున్నవి. లేబర్ జాతీయ కార్యవర్గము ఆలోపుగనే అచ్చటి సభ్యులకు తమ పేరున అభ్యర్థులను నిలుపుటకు అనుమతి నీయవలెను. అభ్యర్థుల ఎంపికను, సరిహద్దు ప్రశ్నపై శాఖ వైఖరిని లండను కార్యాలయమునకు గాక, బెల్ఫాస్టు, డెర్రీ, న్యూరీ సభ్యుల ఓటునకే విడువవలెను.