చేరకముందే పోయిన ఉద్యోగం

పనిలో ఉన్న మనిషిని తీసేస్తే దాన్ని ఉద్వాసన అంటాం. దానిమీద పోరాడటానికి ఒక చట్టం ఉంది, యూనియన్ ఉంటే యూనియన్ ఉంది, ఏదీ లేకపోతే కూర్చోవడానికి కంపెనీ గేటయినా ఉంది. ఉద్యోగం ఇస్తున్నామని రాసిచ్చి, చేరకముందే ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుంటే దాన్ని ఏమనాలి? మన కార్మిక చట్టాల్లో దానికి పేరు లేదు. విమానయాన రంగం దెబ్బతిన్నప్పుడు ఈ పేరులేని అన్యాయం జరుగుతూ వస్తోంది.

2020 మార్చి 25 నుంచి రెండు నెలలపాటు దేశంలో ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. ఆ జులైలో ఇండిగో తన సిబ్బందిలో 10 శాతం మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికి ప్రభుత్వరంగంలో ఉన్న ఎయిరిండియా, శిక్షణలో ఉన్న కేబిన్ సిబ్బందికి ఇచ్చిన ఉద్యోగ ప్రతిపాదనలను రద్దు చేసింది.

ఆ రోజుల్లోనే ఒక పైలట్ అమ్మాయి సలహా కోసం మా దగ్గరికి వచ్చింది. ఆమె పేరు గానీ కంపెనీ పేరు గానీ రాయడం లేదు. "తీసెయ్యలేదక్కా, అసలు ఇవ్వనే లేదంటున్నారు" అంది. పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. కంపెనీ ఏ రకం విమానం వాడుతుందో దానికి మళ్ళీ వేరే శిక్షణ, టైప్ రేటింగ్. ఈ ఖర్చంతా ఇల్లు తాకట్టుపెట్టి తెచ్చిన డబ్బే. ఉత్తరం రద్దయినంత మాత్రాన బ్యాంకు వాయిదా ఆగదు. ఏటేటా వైద్య పరీక్ష చేయించుకోవాలి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పునరుద్ధరించుకోవాలి. జీతం లేకుండా ఎదురుచూడటానికి కూడా డబ్బు కావాలి.

ఇంట్లో ఏమంటున్నారని అడిగాను. "చదివింది చాలు, పెళ్ళి చేసేద్దాం అంటున్నారు" అంది. అదే కొడుకైతే ఇంకో ఏడాది చూద్దామంటారు. మాంద్యం ఇద్దరికీ ఒకటే. ఎదురుచూసే హక్కు మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

బీడీ కార్మికుల గురించీ అంగన్‌వాడీల గురించీ రాసే పత్రికలో పైలట్ల గోడు ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఇది పై తరగతి సమస్య కదా అనవచ్చు. నిజమే, కోటి రూపాయలకు దగ్గరపడే చదువు అందరికీ అందేది కాదు. కానీ పనిలోకి రమ్మని పిలిచి, గేటు దగ్గర ఇవాళ పని లేదు పొమ్మనే పద్ధతి బట్టల ఫ్యాక్టరీలో మనకు కొత్తా? అక్కడ నోటిమాట, ఇక్కడ సంతకం పెట్టిన కాగితం. కాగితానికే విలువ లేకపోతే నోటిమాటకు ఎవరు జవాబు చెబుతారు?

ఈ గడప దాకా రావడానికి స్త్రీలకు చాలా కాలం పట్టింది. 1940ల చివర ప్రేమ్ మాథుర్‌ను ఆడపిల్లవని కంపెనీలు కాదంటే, హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్ ఉద్యోగం ఇచ్చింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో దుర్బా బెనర్జీ 1966లో చేరారు. మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పోయే నిబంధనను కొట్టివేయడానికి 1981లో నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది. మన పైలట్లలో 15 శాతానికి పైగా స్త్రీలేననీ, ప్రపంచంలో అది 5 శాతమేననీ 2022లో పార్లమెంటులో మంత్రి గర్వంగా చెప్పారు. గర్వపడదాం. అయితే ఆలస్యంగా లోపలికి వచ్చినవాళ్ళే వరుసలో చివర నిలబడతారు. చివర వచ్చినవాళ్ళు ముందు పోవాలన్నది ఉద్వాసనలో సాధారణ సూత్రం. ఉత్తరం చేతపట్టుకుని గడప బయట నిలబడిన వాళ్ళు ఆ వరుసలోకి కూడా రారు.

చట్టం ఏమంటోంది? 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉద్వాసన పరిహారానికి ఏడాది సర్వీసు నిండాలి. దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ అంతే. ప్రసూతి ప్రయోజనానికి 80 రోజులు పనిచేసి ఉండాలి. తొలగించిన కార్మికులకు తిరిగి తీసుకునేటప్పుడు ప్రాధాన్యం ఉంది, చేరనివ్వని వాళ్ళకు అదీ లేదు. మిగిలింది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఒప్పుకున్న ప్రతిపాదన ఒప్పందమవుతుంది, భంగపరిస్తే నష్టపరిహారం అడగవచ్చు. కానీ ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని ఉత్తరంలోనే ఒక షరతు ఉంటే, అప్పుల్లో ఉన్న అమ్మాయి ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగగలదా?

2008 అక్టోబరులో జెట్ ఎయిర్‌వేస్ సుమారు 1,900 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. వారిలో చాలామంది కొత్తగా చేరిన కేబిన్ సిబ్బంది. యూనిఫాంలోనే ముంబయి విమానాశ్రయం దగ్గర నిరసనకు దిగారు. దేశమంతా చూసింది. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం వెనక్కి తగ్గి వాళ్ళను తిరిగి తీసుకుంది. వాళ్ళకు ఒంటిమీద యూనిఫాం ఉంది, పక్కన తోటివాళ్ళున్నారు. ఉత్తరం రద్దయిన అమ్మాయికి అవి రెండూ లేవు. తనలాంటి వాళ్ళు ఎందరో, ఏ ఊళ్ళో ఉన్నారో ఆమెకు తెలియదు. యాజమాన్యాల అసలు బలం అక్కడే ఉంది.

అందుకే మనం అడగవలసినవి ఇవి. రాతపూర్వకంగా ఇచ్చిన నియామకాన్ని రద్దు చేస్తే కారణం కూడా రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఉత్తరాన్ని నమ్మి పెట్టిన శిక్షణ ఖర్చు తిరిగి ఇవ్వాలి. మళ్ళీ నియామకాలు మొదలుపెట్టినప్పుడు, గర్భవతులైనా పెళ్ళయినా, పాత వరుసలోనే ముందు వాళ్ళను పిలవాలి. రద్దయిన వాళ్ళలో స్త్రీలెందరో బయటపెట్టాలి.

చట్టం మారేలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ దగ్గరికి ఇలాంటి ఉత్తరంతో ఎవరొచ్చినా, అది విమాన కంపెనీదయినా, ఆసుపత్రిదయినా, సాఫ్ట్‌వేర్ కంపెనీదయినా, దాని నకలు తీసి ఉంచండి. అదే కంపెనీ నుంచి అదే నెలలో ఇంకెవరికి వచ్చిందో వెతకండి. పదిమందిని ఒకచోట కూర్చోబెట్టండి. విడివిడిగా ఉన్నంతకాలం అది ఒక్కో ఇంటి దురదృష్టంగానే మిగిలిపోతుంది.